అద్దెకొచ్చిన ముప్ఫై రెండోది

నా వేరుశనగ చేను విమానాశ్రయం కంచెకి ఆనుకుని ఉందని అందరూ అంటారు. తప్పు. కంచె వచ్చి నా చేనుకి ఆనుకుంది. చేను ముందు, కంచె తర్వాత. మా నాన్న అమ్మనన్నాడు. ఆయన పోయాక నేను అమ్మనన్నాను. పదహారేళ్ళప్పుడు పోలీసు డాళ్ళ ముందు బురదలో కూర్చున్నాను. చదువు మధ్యలో ఆపేసినదాన్ని, భూసేకరణ చట్టాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నాకు నేనే చదువుకున్నాను. ఆ చట్టంలో ఏ వాక్యం ఎక్కడ అబద్ధమాడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అలాంటి నా గట్టు మీదే విమానాలు చూసేవాళ్ళు నిలబడతారు. మొదట వచ్చింది ఉసామి, టాక్సీ డ్రైవరు. పారతో తరిమాను. మర్నాడు మళ్ళీ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా చేలో పడ్డ ప్లాస్టిక్ సంచులు ఏరిపెట్టి, గట్టు చివర నిలబడ్డాడు. ఇంకేం తరుముతాను? తర్వాత చిదోరి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. తన చేయంత పొడుగున్న కెమెరా మోసుకొస్తుంది. అందరికన్నా వెనక వచ్చినవాడు నెమోతో సాన్, అంటే నెమోతో గారు. డెబ్భై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యాడు.

మామూలు విమానాలు వీళ్ళకి పట్టవు. వెయ్యి పోయినా తల తిప్పరు. ఒక కంపెనీ విమానం ఇంకో కంపెనీ పేరు మీద ఎగిరితే మాత్రం జ్వరం వచ్చినవాళ్ళలా ఊగిపోతారు. టిక్కెట్టు మీద ఒక పేరు, తోక మీద ఇంకో పేరు. నడిపేవాళ్ళది ఒక దేశం, ఎక్కేవాళ్ళది ఇంకో దేశం. తోక మీది బొమ్మని తెల్లరంగుతో కొట్టేసి, తలుపు పక్కన అద్దెకి తీసుకున్నవాడి పేరు స్టిక్కరేసి అంటిస్తారు. గడువు తీరగానే స్టిక్కరు పీకేస్తారు. నాకైతే అందులో కనపడేది కూలి మనిషే. ఇవాళ ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో, వాళ్ళిచ్చిన టోపీ నెత్తిన పెట్టుకుని. ఆ మాటంటే ఉసామి పగలబడి నవ్వాడు.

"పెద్దమ్మా, నువ్వు విమానానికి కూడా సంఘం పెట్టించేలా ఉన్నావే!"

"పెట్టిస్తాను. ముందు నీ టాక్సీవాళ్ళకి పెట్టు, చూద్దాం."

విమానం బట్టలు ఎన్నిసార్లు మార్చినా దాని ఒంటి మీద కొన్ని అక్షరాలుంటాయి. మనిషికి పేరులాంటివి. ఇంకో కంపెనీకి అద్దెకి పోయినా అవి మారవు. వీళ్ళు చదివేది వాటినే. వీళ్ళకో నియమం ఉంది. ఎవరి కంటితో వాళ్ళే చదవాలి. పక్కవాడు చెప్తే అది విన్నట్టు, చూసినట్టు కాదు. విన్నది పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తారు. చూసింది ఎర్ర సిరాతో. ఒకసారి ఎవరైనా నోరుజారి చెప్పేస్తే ఇక ఆ విమానం ఆ మనిషికి పెన్సిల్ కిందే లెక్క, తర్వాత కళ్ళారా చూసినా సరే. అందుకే విమానం వచ్చినప్పుడు నా గట్టు మీద చావు ఇంటి నిశ్శబ్దం.

నెమోతో సాన్ పుస్తకంలో ఒకే రకం విమానాలు ఉన్నాయి. నాలుగు ఇంజన్ల పొడుగు విమానం. ప్రపంచంలో మొత్తం ముప్ఫై రెండు చేశారట. ముప్ఫై ఒకటి ఎర్ర సిరా. వాటి కోసం సెలవులు పెట్టాడు, బాంకాక్ పోయాడు, మాడ్రిడ్ దాకా పోయాడు. ముప్ఫై రెండోదాని పేరు చివర ఎల్, వి. అది ఎప్పుడూ అద్దెలోనే తిరిగింది. ఈయన వెళ్ళేసరికి ఇంకో కంపెనీకి, ఇంకో ఖండానికి పోయుండేది. ఇరవై ఆరేళ్ళు అంతే.

ఇప్పుడు దాన్ని దక్షిణ దీవుల కంపెనీ ఒకటి వారం రోజులకి అద్దెకి తెచ్చుకుంది. ఆ వారంలో ఒక్కరోజే మా వైపు వస్తుంది. వారం అవగానే ఎడారికి తీసుకెళ్ళి కోసేస్తారు. నెమోతో సాన్ కళ్ళు కూడా గడువు మీదే ఉన్నాయి. కంటి నరం ఎండిపోయే జబ్బు. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటితో గొట్టంలోంచి చూసినట్టు చూస్తాడు. గొట్టం నెలనెలా సన్నబడుతోంది. వచ్చే వసంతానికి మూసుకుపోతుందని డాక్టరు చెప్పేశాడు.

నవంబరు నెల, మంచి ఎండ, ఉత్తరపు గాలి. మేం పీకిన వేరుశనగ మొక్కల్ని వేళ్ళు లోపలికి, ఆకులు బయటికి పెట్టి గుండ్రంగా నిలువెత్తు కుప్పలు పేరుస్తాం. పైన గడ్డి టోపీ పెడతాం. మా చిబా జిల్లాలో దాన్ని బొచ్చి అంటారు. ఆరోజు నేను మూడో బొచ్చి పేరుస్తుంటే నెమోతో సాన్ వచ్చాడు. కోటు, టై. పెళ్ళికి వచ్చినట్టు.

"ఏం నెమోతో సాన్, పెళ్ళికూతురు ఎన్నింటికి దిగుతోంది?" అన్నాను.

"పదీ యాభైకి, హట్సుయో సాన్." టై ముడి సరిచేసుకున్నాడు. "గాలి ఉత్తరం నించే కదా?"

"ఉత్తరమే. దక్షిణం నించి దిగి, మన వైపే పరుగెత్తుకుంటూ వస్తుంది."

సరిగ్గా పదీ యాభై రెండుకి దూరంగా టైర్ల పొగ లేచింది. నేను మొక్కలు పేరుస్తూనే ఉన్నాను. ఇంజన్లు గర్జించి, ఆ గర్జన మెల్లగా తగ్గుతూ మా వైపు వచ్చింది. ముందే వచ్చి గట్టు మీద కూర్చున్న ఉసామి, చిదోరి లేచి నిలబడ్డారు. నెమోతో సాన్ దూరదర్శినిని ఎడమ కంటికి అదుముకుని ఎదురుగా వస్తున్న ముక్కునే చూశాడు. ముక్కు కింది చక్రానికి చిన్న తలుపు ఉంటుంది. దాని మీద విమానం పేరులోని ఆఖరి రెండక్షరాలు పెద్దగా రాసి ఉంటాయి. విమానం ఎదురుగా వచ్చేటప్పుడు కనపడేవి అవే.

దూరదర్శిని దించేశాడు. విమానం మలుపు తిరిగి టెర్మినల్ వైపు పోతోంది. ఈయన ఇంక అటు చూడలేదు.

"ఎల్, ఆర్," అన్నాడు. "ఆర్ నాకుంది. రెండు వేల తొమ్మిదిలో ఒసాకాలో చూశాను. ఆఖరి నిమిషంలో దీని బదులు అక్క విమానాన్ని పంపారు." టై వదులు చేసుకున్నాడు. "సరేలెండి. అద్దె వ్యవహారం. వాళ్ళ దగ్గర ఏది ఖాళీగా ఉంటే అది పంపుతారు."

చిదోరి ముఖం చూస్తే సున్నం కొట్టినట్టుంది. ఉసామి నేల చూపులు చూస్తున్నాడు. వీళ్ళకేదో అయిందని నాకు అర్థమైంది. చిదోరి నన్ను చెయ్యి పట్టి బొచ్చి వెనక్కి లాక్కెళ్ళి, కెమెరా తెర చూపించింది. విమానం పక్కకి తిరిగినప్పుడు తీసిన ఫోటో. ఎండకి ఎదురు కావడంతో ఒళ్ళంతా నీడే. తోక దగ్గర బూడిద రంగు అక్షరాలు. చిదోరి వేళ్ళతో పెద్దది చేసింది.

ఎల్, వి.

"మరి తలుపు మీద ఆర్ ఏంటే?"

"తలుపు దీనిది కాదు, పెద్దమ్మా," చెవిలో గుసగుసలాడింది. "దీని తలుపు చెడిపోయుంటుంది. మూలపడ్డ అక్క ఒంటి మీంచి తీసి దీనికి తగిలించుంటారు. వారం అద్దెకి ఎవడు రంగేస్తాడు? అద్దె విమానాల్లో ఇది మామూలే. తాతయ్యకీ తెలుసు. ఆ తలుపుని నమ్మి మోసపోవడం మాలాంటివాళ్ళకే జరిగేది. మామూలు మనిషి ఆ అక్షరాల వంకే చూడడు కదా."

"అయితే చెప్పు! వెళ్ళి చెప్పు!"

ఉసామి వచ్చి నా దారికి అడ్డం నిలబడ్డాడు. "చెప్తే పోతుంది, పెద్దమ్మా. చెప్పిన క్షణాన ఆయనకది పెన్సిలైపోతుంది. ఇరవై ఆరేళ్ళు!"

"నీ పెన్సిల్ తగలెయ్య! కళ్ళు పోతున్న మనిషికి నియమాలేంట్రా?"

"ఆ నియమం పెట్టిందే ఆయన. ఈ గట్టు మీదికొచ్చిన మొదటి రోజే నాకు నేర్పాడు."

జీవితంలో నేను ఎన్నో నియమాలు తొక్కాను. గేట్లు విరగ్గొట్టాను. ప్రభుత్వం అంటించిన నోటీసుల మీద గొడ్డు పేడ పూశాను. కానీ ఆ నియమాలు పైనించి పడ్డవి. ఇది ఒక మనిషి తనకు తాను పెట్టుకున్నది. దాన్ని ఎలా తొక్కాలో నాకు తెలీలేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"అది మళ్ళీ ఎప్పుడు లేస్తుంది?"

"ఒంటిగంటన్నరకి," అంది చిదోరి. "గాలి ఇలాగే ఉంటే మన నెత్తి మీదుగానే. రెక్క కింద ఇంతింత అక్షరాలుంటాయి." రెండు చేతులూ చాచి చూపింది. "ఎడమ రెక్క. మన వైపు నించి చూస్తే కుడి చేతి పక్క."

అంటే రెండున్నర గంటలు ఈ మనిషిని ఆపాలి. నెమోతో సాన్ అప్పటికే సంచి భుజానికేసుకున్నాడు.

"పదకొండూ నలభై బస్సుంది. వస్తాను, హట్సుయో సాన్. ఇన్నాళ్ళూ చోటిచ్చారు. ఇక రాను." నా ముందు నడుం దాకా వంగాడు. "ఇంకా చూడాల్సింది ఏమీ లేదు కదా."

"అప్పుడే పోతారా? ఏడేళ్ళు ఉచితంగా నా గట్టు తొక్కారు. మూడు బొచ్చులు పేర్చి పొండి."

"నేనా?"

"ఉత్తరాలు పేర్చలేదా? ఇదీ అంతే. వేళ్ళు లోపలికి, ఆకులు బయటికి. కోటు విప్పండి."

ఆయన మా ముగ్గురి ముఖాలు వరసగా చూశాడు. గొట్టంలోంచి చూసేవాడు ఒక్కో ముఖాన్ని విడిగా, బాగా చూస్తాడని ఆరోజే నాకు తెలిసింది. చిదోరి తల తిప్పుకుంది. ఉసామి దగ్గాడు, దొంగ దగ్గు.

నెమోతో సాన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"చెప్పొద్దు," అన్నాడు. "మీరేం చూశారో ఎవ్వరూ చెప్పొద్దు. ఒక్క ముక్క కూడా."

"ఎవరు చెప్తున్నారండీ? మొక్కలు పేర్చమంటున్నాను."

కోటు విప్పి గట్టు మీద మడతపెట్టాడు. టై మాత్రం తీయలేదు.

అలా మొదలైంది. ఉసామి మొక్కలు మోసుకొచ్చాడు, చిదోరి గడ్డి కట్టింది, నెమోతో సాన్ పేర్చాడు. అంత చక్కగా పేర్చినవాణ్ణి నేను చూడలేదు. ఒక్కో మొక్కని వేళ్ళతో తడిమి, వేరు ఎటు, కొమ్మ ఎటు అని చూసుకుని, దాని చోట్లో దాన్ని పెట్టాడు. మధ్యాహ్నం ఉడకబెట్టిన వేరుశనగ, అన్నం ముద్దలు తిన్నాం. ఎవరి నోటా విమానం మాట లేదు. ఉసామి వాళ్ళావిడ కొన్న కొత్త రైస్ కుక్కర్ గురించి అరగంట చెప్పాడు. ఆ కుక్కరు పాట పాడుతుందట. విని విని చిదోరికి ఏడుపొచ్చింది.

పన్నెండూ ముప్పావుకి గాలి పడిపోయింది.

ముందు నాకే తెలిసింది. మెడ వెనక చల్లదనం ఆగిపోయింది. కంచె అవతల, గాలి ఎటో చూపే గాలి సంచి వేలాడిపోయింది. శరత్కాలంలో మా వైపు మధ్యాహ్నం ఒక్కోసారి సముద్రం నించి గాలి తిరుగుతుంది. తిరిగితే విమానాలు అటు వైపు, దక్షిణానికి లేస్తాయి. మా వైపు తోక కూడా చూపించవు.

చిదోరి నా వైపు చూసింది. నేను గాలి సంచి వైపు చూశాను. నెమోతో సాన్ తడిపిన వేలు గాలిలో పెట్టి నిలబడ్డాడు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈ రన్‌వే మీద ఒక్క విమానం కూడా లేవకూడదని యాభై ఏళ్ళు కోరుకున్నదాన్ని. ఆరోజు ఒంటిగంట దాటాక ఒక్కటి, ఆ ఒక్కటి మాత్రం మా వైపు లేవాలని లోపల్లోపల వేడుకున్నాను. ఎవర్ని వేడుకున్నానో తెలీదు. సిగ్గనిపించింది. అయినా మానలేదు.

సంచి ఒకసారి తూర్పుకి ఊగింది. వేలాడింది. మళ్ళీ కొంచెం లేచింది. ఉత్తరం నించే. ఓ చిన్న రెండు ఇంజన్ల విమానం మా మీదుగా లేచింది.

"ఇంకా ఇటే," అన్నాడు ఉసామి, ఎవరితోనూ కాదన్నట్టు.

ఒంటిగంటా ఇరవై ఆరు. దూరంగా నాలుగు ఇంజన్లు గొంతు సవరించుకున్నాయి. ఆ శబ్దం నేల లోంచి ముందు కాళ్ళకి వస్తుంది, తర్వాత చెవికి. నెమోతో సాన్‌ని కొత్త బొచ్చి పక్కన వెల్లకిలా పడుకోమన్నాను. అడక్కుండా పడుకున్నాడు. టై మట్టిలో పడింది.

"నాకు దాన్ని పట్టుకునే టైముండదు," అన్నాడు. "నా చూపు ఇంత." బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాడు. "ఆకాశం పెద్దది. ఎక్కడ చూడాలో తెలిసేలోపే పోతుంది."

నేను ఆయన తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తలని రెండు చేతుల మధ్యా పట్టుకున్నాను. నెరిసిన, పొట్టి జుట్టు. పుచ్చకాయ అంత బరువు.

"పెద్దమ్మా," అన్నాడు ఉసామి, "తల పట్టుకోవడం నియమాల్లో..."

"నోర్ముయ్."

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వీటి వైపు చూడను. శబ్దం వింటాను, కిరోసిన్ వాసన పీలుస్తాను, ఎన్ని పోయాయో కూడా చెప్తాను. తల మాత్రం ఎత్తను. ఎత్తితే ఒప్పుకున్నట్టుంటుంది. కానీ ఒకరి తలని రెక్క వైపు తిప్పాలంటే రెక్క ఎక్కడుందో చూడాలి కదా. వేరే దారి లేదు. తల ఎత్తాను.

కంచె చివర, నేల మీంచి, ఒక తెల్లటి కొండ ముక్కు పైకెత్తింది. అంత మెల్లగా లేస్తే పడిపోతుంది కదా అనుకున్నాను. పడలేదు. పెరిగింది. ఎండని కప్పేసింది. చేలో ఆకులన్నీ ఒక్కసారి పడుకున్నాయి. బొచ్చి టోపీ ఎగిరిపోయింది. శబ్దం శబ్దంలా లేదు. పక్కటెముకల లోపల చెయ్యి పెట్టి పట్టుకున్నట్టుంది. ఆయన తలని కుడి వైపు తిప్పాను. రెక్క అంచు వచ్చింది, ఇంజను పోయింది, రెండో ఇంజను పోయింది, అక్కడ, ఆ తెలుపులో, నల్లగా. ఆయన తలని దాంతో పాటే, అదే వేగంతో, నా ఒడిలోంచి వెనక్కి తిప్పుతూ పోయాను. చేతుల కింద ఆయన దవడలు కదులుతున్నాయి. ఏం అంటున్నాడో వినపడలేదు. తల ఇంక తిరగదు అన్నచోట విమానం మా మీంచి దాటిపోయింది.

కాసేపటికి పిట్టలు వినపడ్డాయి.

నెమోతో సాన్ లేవలేదు. ఎడమ కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి.

"వి," అన్నాడు. "ఎల్, వి. మీరెవరూ చెప్పలేదు. చెప్పలేదు కదా?"

"ఎవరూ చెప్పలేదు తాతయ్యా," అంది చిదోరి.

"అయితే తలుపు అక్కది." ఒక్కసారి నవ్వొచ్చి, ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, అలా చాలాసేపు దగ్గాడు. "నలభై ఏళ్ళు కవరు మీది చిరునామా నమ్మి బతికాను. తలుపు మీద రాసింది నమ్మనా మరి? ఛీ!"

ఉసామి ఎర్ర సిరా కలం మూత తీసి ఇచ్చాడు. ఆయన తీసుకోలేదు. నా వైపు తిరిగి, ఆ గొట్టంలో నా ముఖాన్ని వెతికి పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి, హట్సుయో సాన్."

"ఏం చెప్పాలి?"

"మిగతాది. నాకు రెండక్షరాలే కనపడ్డాయి. విమానం కనపడలేదు. మీరు చూశారు."

ఉసామి ఏదో అనబోయాడు. దీనికి నియమం లేదని వాడికే గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయాడు.

ఆ మనిషి పక్కన మట్టిలో కూర్చున్నాను. నాకు తిట్టడం వచ్చు, నినాదాలివ్వడం వచ్చు. ఇలాంటిది రాదు.

"పెద్దది," అన్నాను.

"ఎంత పెద్దది?"

"నా చేనంత. కాదు. చేను ఎంతో నాకు తెలుసు, నడిచాను కాబట్టి. దాన్ని నడవలేం." చేతుల మట్టి దులుపుకున్నాను. "పొట్ట ఒక తెలుపు కాదండీ. నాలుగు తెలుపులు. ఒక్కో యజమాని ఒక్కో తెలుపు పూసి పోయాడు. రెక్క మొదట్లో ఒకచోట నీలం గీత మిగిలిపోయింది, చేయంత. ఎవరిదో. తుడవడం మర్చిపోయారు."

"ఏ నీలం?"

"రాత్రి నానబెట్టిన బట్టల నీళ్ళ నీలం. రెక్కలు తిన్నగా లేవు. బరువెత్తినవాడి భుజాల్లా పైకి వంగాయి. వంగి, కొసల్లో కొంచెం వణికాయి. చక్రాలు లోపలికి పోతున్నాయి. ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, నేల లేకపోయినా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చిదోరి కెమెరా పక్కన పెట్టేసి మా దగ్గరికొచ్చి కూర్చుంది. ఉసామి ఎగిరిపోయిన గడ్డి టోపీ కోసం చేలోకి పోతూ పోతూ, వినడానికి సగంలో నిలబడిపోయాడు.

"ఇంజన్లు?" అన్నాడు నెమోతో సాన్.

"నాలుగు. వాటి వెనక ఆకాశం కరిగింది," అన్నాను. "నిజంగా. నీళ్ళలా కరిగి, అది పోయాక మళ్ళీ మెల్లగా గట్టిపడింది."